పిల్లల బీరువా సర్దుదాం: ఏవి ఉంచాలి, ఏవి తీయాలి, ఎలా దాచాలి

పిల్లల బీరువా ఇరుకైపోవడానికి చాలా ఇళ్లలో కారణం ఒకటే. పొట్టివైపోయిన బట్టలు అందులోనే ఉండిపోతాయి. పుట్టిన మొదటి ఏడాదిలో బిడ్డ దాదాపు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, రెండో ఏడు 10–12 సెంటీమీటర్లు, ఆ తర్వాత ఎదిగే వయసు వచ్చేదాకా ఏటా 5 నుంచి 7. కాబట్టి రెండేళ్లలోపు పిల్లలకు రెండు మూడు నెలలకోసారి, పెద్దవాళ్లయ్యాక ఆరు నెలలకోసారి బీరువా మొత్తం ఖాళీ చేసి చూసుకోవాలి. డబ్బాలు, బుట్టలు మాత్రం ముందే కొనొద్దు. ఏమేం మిగిలాయో తేలాకే ఎంత చోటు కావాలో తెలుస్తుంది.

మొదట కొలతలు. బిడ్డ ఎత్తు, ఛాతీ, నడుము, నడుము నుంచి చీలమండ దాకా పొడవు టేపుతో కొలిచి, తేదీ వేసి, బీరువా తలుపు లోపల అంటించండి. లేబుల్ మీద రాసిన వయసును నమ్మొద్దు, ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది. ప్రతి చొక్కా తొడిగి చూడబోతే కాసేపటికే పిల్లలు విసిగి ఏడుపందుకుంటారు. అందుకని ఇప్పుడు ఒంటికి సరిగ్గా సరిపోతున్న చొక్కా ఒకటి, ప్యాంటు ఒకటి నేలమీద పరిచి, మిగతావాటిని వాటిమీద పెట్టి పోల్చండి. అనుమానం వచ్చినవే తొడగండి.

తొడిగినప్పుడు చాలామంది పొడవొక్కటే చూస్తారు. గౌను మోకాళ్ల దాకా వస్తున్నా చంకల్లో పట్టేస్తూ ఉండొచ్చు. చంక కుట్టుకీ ఒంటికీ మధ్య మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. చేతులు పైకెత్తమనండి, పొట్ట బయటపడితే చొక్కా చిన్నదైనట్టే. గొంతుక్కూర్చోమనండి, ప్యాంటు వెనక కిందికి జారినా తొడల దగ్గర బిగిసినా తీసేయండి. విప్పాక నడుం చుట్టూ ఎర్రగా గీత పడితే ఎలాస్టిక్ మార్చాలి, లేదా ప్యాంటే మార్చాలి.

అన్నీ ఒకేసారి కుప్ప పోయకుండా ఒక్కో రకం తీయండి. ముందు సాక్సులు, లోబట్టలు. వాటి సంగతి తేల్చడం సులువు. ఇప్పుడు వేసేవి, చిన్నవైపోయినవి, తర్వాతికి పనికొచ్చేవి, కుట్టుపనికి వెళ్లాల్సినవి అని వేరు చేయండి. గౌను అంచు లోపల మడత వదిలి కుట్టి ఉంటే, దాన్ని విప్పి ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. పాత మడత గీత వెలిసిన రంగులో కనిపిస్తుంది కాబట్టి దానిమీద లేసో పట్టీయో వేస్తే సరి. కుట్టుపని కుప్ప వారంలో కదలకపోతే ఇక కదలదు, ఇచ్చేయండి. మూడేళ్లలోపు పిల్లల బట్టల్లో వదులైన గుండీలు, పూసలు గొంతులో అడ్డుపడతాయి. వాటిని గట్టిగా కుట్టండి, లేదా పీకేయండి. టోపీ ఉన్న స్వెట్టర్ మెడ దగ్గర తాడు ఉంటే లాగి పారేయండి. ఆటల్లో ఎక్కడైనా చిక్కుకుంటే మెడ బిగుసుకుంటుంది.

ఎన్ని ఉంచాలంటే, రోజుకు ఎన్నిసార్లు మారుస్తారో లెక్కేసి, ఎన్ని రోజులకోసారి ఉతుకుతారో దాంతో గుణించి, పైన మూడు కలపండి. రోజుకు రెండు జతలు, మూడు రోజులకోసారి ఉతుకుడు అయితే తొమ్మిది. పక్క తడిపే పిల్లలకు చెడ్డీలు మాత్రం ఇంకా కావాలి.

రోజూ వేసేవి బిడ్డ చేతికి అందే అరల్లో, ఎప్పుడో ఒకసారి వేసేవి పై అరలో పెట్టండి. టీషర్టును బోర్లా పరిచి, రెండు పక్కలా లోపలికి మడిచి, పొడవును మూడు మడతలు వేసి సొరుగులో నిలువుగా నిలబెట్టండి. అప్పుడు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి, ఒకటి లాగితే మిగతావి చెదరవు. మడిచింది నిలబడకుండా వాలిపోతోందంటే మడత వెడల్పు ఎక్కువైందని అర్థం. సొరుగులో చెయ్యి దూరేంత ఖాళీ వదలండి. పెద్దవాళ్ల హ్యాంగర్‌కు పిల్లల చొక్కాలు తగిలిస్తే మెడ సాగిపోతుంది, 28–30 సెంటీమీటర్ల చిన్న హ్యాంగర్లు వాడాలి. ఊలు స్వెట్టర్లను అసలు వేలాడదీయొద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, బీరువాను గోడకు బిగించండి. పిల్లలు తెరిచిన సొరుగులను మెట్లలా ఎక్కితే అది ముందుకు ఒరిగి మీద పడుతుంది.

తమ్ముడికో చెల్లికో దాచేవాటిని, శుభ్రంగా కనిపించినా సరే, మళ్లీ ఉతకండి. కంటికి కనిపించని పాల మరకలు, చెమట మరకలు కొన్ని నెలలకు పసుపురంగులో తేలతాయి. గంజి పెట్టొద్దు, దాన్ని తినే పురుగులు చేరతాయి. ఎండలో ఆరాక వేడి చల్లారేదాకా ఆగి మడవండి. వేడిమీదే మూత పెడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది.

కలరా ఉండలు పిల్లల బట్టల్లో వేయకండి. వాటిలో ఉండే నాఫ్తలీన్ వల్ల, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ కణాలు పగిలిపోతాయి. ఆ లోపం ఉందని ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండకపోవచ్చు. పసికందులకైతే కామెర్లు తీవ్రంగా ముదరొచ్చు. ఆ తెల్లటి ఉండను మిఠాయి అనుకుని నోట్లో వేసుకునే ప్రమాదం వేరే ఉంది. శుభ్రంగా ఉతికి, బాగా ఆరబెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెడితే వాటి అవసరమే ఉండదు. ఒక్కో సైజుకు ఒక్క డబ్బా చాలు. సైజు, నెల, ఏడాది పైన రాయండి.

బీరువా అడుగున ఒక ఖాళీ సంచి ఎప్పుడూ ఉంచండి. తొడిగేటప్పుడు చిన్నదనిపించినదాన్ని మళ్లీ అరలోకి పోనివ్వకుండా, ఉతికి నేరుగా అందులో వేయండి. సంచి నిండిన వారంలోనే ఎవరికివ్వాలో వారికిచ్చేయండి. చిరిగినవి, మరకలు పోనివి ఎవరికీ ఇవ్వొద్దు. గుండీలు, జిప్పులు కత్తిరించి పక్కన పెట్టుకుని, బట్టను తుడుపుగుడ్డలకు వాడుకోండి.