తరిమెన మీద తిప్పలు: కర్ర ఎందుకు మొరాయిస్తుంది?

విజయవాడ భవానీపురంలో మా షెడ్డుకి చెడిన ముక్క పట్టుకొచ్చేవాళ్లు ముందు మోటారును తిడతారు, తర్వాత ఉలిని, ఆఖరికి కర్ర అమ్మినవాణ్ని. నేను మాత్రం ఆ ముక్కను చెంపకు ఆనించి చూస్తాను. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా నీరుందన్నమాట. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రానికి తరిమెన అన్నది పాత మాట. ఆటోనగర్‌లో లేత్ అంటేనే పలుకుతారు. నేను రెండూ వాడతాను.)

గిన్నె కోడిగుడ్డులా కోలగా అయింది, లేదా పగిలింది

ఎక్కువమంది తెచ్చే ఫిర్యాదు ఇదే. నూజివీడు వైపు ముసలి మామిడి చెట్టు కొట్టేస్తే చవగ్గా మొద్దు దొరుకుతుంది, ఆత్రంగా ఆ వారమే గిన్నె తిప్పేస్తారు. తిప్పిన రోజు చంద్రబింబంలా ఉంటుంది. పదిహేను రోజులకు మూత కూర్చోదు.

కారణం: పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది, కణాల బోలులోనూ, కణాల గోడల్లోనూ. బోలులో నీరు ఆరిపోయినంత వరకూ కర్ర కదలదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లో నీరు పోవడం మొదలవుతుంది, అప్పుడే కర్ర ముడుచుకుంటుంది. అదీ అన్ని వైపులా సమానంగా కాదు. వలయాల వెంబడి ముడుచుకునేది, నడిమి నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. నిలువునా అయితే దాదాపు ఏమీ ఉండదు. అందుకే గుండ్రం కోలగా మారుతుంది. దానికి తోడు కోసిన చివరలు పక్కల కంటే చాలా వేగంగా నీటిని వదులుతాయి. చివర ఎండి బిగుసుకుంటే లోపల ఇంకా ఉబ్బి ఉంటుంది. ఆ లాగుడుకి బీట పడుతుంది. దుంగ నడిబొడ్డు గిన్నె అడుగులో ఉండిపోయిందా, ఇక పగులు ఖాయం.

ఏం చేయాలి: నడిబొడ్డు పోయేలా మొద్దును రెండుగా చీల్చండి. ఒక్కో సగంలో గిన్నె ముతకగా తిప్పి, గోడ మందం అడ్డంలో పదో వంతు ఉంచండి. 10 అంగుళాల గిన్నెకి 1 అంగుళం. నార చివరలు బయటపడిన చోట కరిగించిన మైనం రాసి, దాని పొట్టులోనే కప్పి, కాగితం సంచిలో పెట్టి నీడన ఉంచండి. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయాక మళ్లీ లేత్ ఎక్కించి, కోలను సరిచేసి పని ముగించండి. నెలలు పడుతుంది. మే నెలలో తొందరపడి ఎండలో పెట్టినవాళ్లు ఎవరూ నా దగ్గర సంతోషంగా కనబడలేదు.

ఇక్కడ బాగానే ఉండి హైదరాబాద్ వెళ్లాక పగిలితే? కృష్ణ ఒడ్డు గాలికి అలవాటుపడిన ముక్క, పొడి గాలిలో, అందులోనూ ఏసీ గదిలో మరికొంత నీరు వదిలింది, అంతే. అలాంటి చోటికి పంపేవి ఏసీ గదిలో కొన్ని వారాలు ఉంచి, ఆ తర్వాత ఆఖరి కోత పెట్టండి.

పగిలిన చోట వెంటనే ఫెవికాల్, రంపపు పొట్టు కూరకండి. కర్ర ఇంకా కదులుతుంటే ఆ పూత పక్కనే మరో బీట పడుతుంది. కదలిక ఆగాక అదే కర్ర నుంచి సన్నటి చీలిక తీసి, నార ఒకే వైపు పోయేలా దూర్చి అతికించండి. చెక్కిన విగ్రహాలకైతే ఇంకో ఉపాయం ఉంది: గోడకు ఆనే బొమ్మ అయితే వెనక వైపు తొలిచి బోలు చేయండి. మందం తగ్గితే లోపలా బయటా ఆరడంలో తేడా తగ్గుతుంది.

ఉలి పట్టేసి ఎగిరింది

గుండె గుభేల్మంటుంది, ముక్క మీద మురికికాలువంత గాడి పడుతుంది. అంచు ముందు తగిలి, సాన పట్టిన ఏటవాలు భాగం కర్రకి ఆనకపోవడమే చాలాసార్లు కారణం. ముందు ఏటవాలు కర్రను రుద్దాలి. ఆ తర్వాత పిడిని మెల్లగా పైకెత్తితే అంచు తనంతట తానే కోత అందుకుంటుంది. ఉలి ఆనించే కడ్డీ కర్రకు 3 నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. పని సాగేకొద్దీ కర్ర సన్నబడి దూరం పెరుగుతుంది, మోటారు ఆపి దగ్గరికి జరుపుకోవాలి. బద్ధకించేది ఇక్కడే.

వేగం కూడా చూడండి. అంగుళాల్లో అడ్డాన్ని నిమిషానికి చుట్లతో గుణిస్తే 6000కి, 9000కి మధ్య రావాలి. 3 అంగుళాల మంచం కోడుకి 2000 నుంచి 3000. 10 అంగుళాల గిన్నెకి 600 నుంచి 900. ముక్క ఇంకా గుండ్రం కాకముందు అంతకంటే తక్కువే. లుంగీ అంచు, మెళ్లో తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా: ఈ మూడూ గుమ్మం బయట.

కవ్వం కాడ కూత పెడుతోంది, మీద మెలిచారలు పడుతున్నాయి

పొడవు, మందానికి పది రెట్లు దాటితే కర్ర మధ్యలో తాడులా ఊగుతుంది. చాలామంది వెనక మొన (కర్ర రెండో చివరను పట్టి ఉంచేది) మరింత బిగిస్తారు. దాంతో ఇంకా వంగుతుంది. కాస్త వదులు చేసి, ఎడమ చేతి వేళ్లు కర్ర వెనక తేలిగ్గా ఆనించి, వెనక మొన వైపు నుంచి ముక్కముక్కగా పూర్తి చేస్తూ రండి. మొత్తం ఒకేసారి సన్నం చేసుకుంటే తర్వాత ఏ దేవుడూ ఆపలేడు.

నార లేచింది, ఎంత రుద్దినా నున్నబడట్లేదు

కారణాలు రెండే: మొద్దుబారిన ఉలి, ఎదురు నార కోత. కోడు, కాడ లాంటి పొడుగు పనిలో లావు నుంచి సన్నం వైపు కోయాలి. గిన్నెలో బయట అడుగు నుంచి అంచుకి, లోపల అంచు నుంచి అడుగుకి. నూరేటప్పుడు మామూలు ఉక్కు ఉలి నీలంగా మారితే దాని పదును ఇక నిలవదు. ఆ నీలం పోయేదాకా అరగదీసి, మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ మళ్లీ నూరాలి.

గరుకు కాగితం 120 నంబరు నుంచి ఒక్కసారిగా 320కి దూకితే గీతలు మిగులుతాయి. మధ్యలో 180, 240 తప్పవు. తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక లేచిన నారను ఆఖరి కాగితంతో తీసేయండి.

లక్క మచ్చలు మచ్చలుగా పట్టింది

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క ఎక్కించడం చూసొచ్చి ఇక్కడ ప్రయత్నించేవాళ్లకి ఇది తప్పదు. లక్క కరిగేది రాపిడి వేడికి. వేగం చాలకపోయినా, కర్రలో తడి ఉన్నా, ముందే నూనె చేయి తగిలినా అంటుకోదు. పట్టినంత మేర ఉలితో పలచగా తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. లక్కను గరుకు కాగితంతో రుద్దకండి, మెరుపు పోతుంది. తిరుగుతున్న ముక్క మీద మొగలి ఆకు గట్టిగా ఒత్తితే లక్క సమంగా పరుచుకుని మెరుస్తుంది.

కొండపల్లి తరహా బొమ్మకి చెయ్యి ఊడింది, రంగు పెచ్చులు లేచాయి

ఈ బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర బెండులా తేలిక, నీరూ బాగానే పీలుస్తుంది. చేతులు, తల విడిగా చెక్కి అతికించే పని ఇది. కొండపల్లిలో చెక్కే ముందు కర్రను సన్నటి సెగ మీద ఆరబెట్టేది ఇందుకే. ఆ మెట్టు ఎగ్గొడితే అతుకే ముందు విడిపోతుంది. ఊడిన చోట పాత రంగు గీకేసి, రెండు ముక్కలూ ఆరనిచ్చి, చింతగింజల పిండి జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించండి. మక్కు పూర్తిగా ఆరాకే సున్నం పూత, దాని మీద రంగు.

పిండి రాలుతోంది

సూదిబెజ్జాలు, కింద మెత్తటి పిండి: తొలిచే పురుగు. బెరడు దగ్గరి తెల్ల చెక్కలో ఉండే పిండిపదార్థం దానికి తిండి, అందుకే మామిడి, సుబాబుల్ దానికి విందు. పచ్చిగా ఉన్నప్పుడే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టుకోవాలి. వంట సామాను చేసే కర్రకు మాత్రం ఈ మందు వద్దు, తెల్ల చెక్క తీసేసి చేవనే వాడండి.

నల్ల మచ్చలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లు నిలిచాక ఇలాంటి కర్రలు చాలా వచ్చాయి. మేకు చుట్టూ నలుపైతే తుమ్మ లాంటి వగరు కర్రకి ఇనుము తగిలిందని అర్థం, ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లతో పోతుంది (చేతికి తొడుగులు వేసుకోండి, తర్వాత బాగా కడగండి). బూజు లోపలికి దిగిన నీలిచారలు పోవు. వాటికి నేను రంగే వేస్తాను.

బొంగరం రొద చేస్తోంది

మేకు నడిమికి రాలేదు. లేత్ మీద నుంచి దించకముందే బెజ్జం వేసుకోండి.

పప్పుగుత్తి జిగటగా ఉంది

పల్లీ నూనె, కొబ్బరి నూనె గాలికి గట్టిపడవు, అలాగే ఉండి జిడ్డు పడతాయి. అవిసె నూనె గట్టిపడుతుంది, కానీ దట్టంగా రాస్తే అదీ జిగటే. పలచగా రాసి, పావుగంటలో తుడిచేసి, మర్నాడు మరో చేయి వేయండి. రంగుల కొట్లో దొరికే ఉడికించిన రకంలో త్వరగా ఆరే మందులు కలుస్తాయి, వంట సామానుకి అది వాడకండి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, మన ఎండాకాలంలో ఉండ తనంతట తానే అంటుకోగలదు. నీళ్లలో ముంచి, ఆరుబయట విడిగా పరిచి ఆరేయండి.