పల్లె ఇంట్లో ఫోన్ సిగ్నల్ అందకపోతే: మిద్దె మీద కొలిచి మొదలుపెట్టండి

మిద్దె ఎక్కితే ఫోన్ మోగుతుంది, పడసాలలోకి వస్తే తెగిపోతుంది. కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో ఎక్కువగా ఉండే బాధ ఇదే. దీన్ని చాలావరకు బాగుచేసుకోవచ్చు. అయితే సిగ్నల్ ఎక్కడ పోతోందో కొలవకుండా ముందే యాంటెన్నా కొనకండి. గోడలో పోయే సిగ్నల్‌కు ఒక మందు, కొండ అడ్డమై పోయే సిగ్నల్‌కు ఇంకో మందు.

కొలవడానికి ఫోన్ పైన కనిపించే గీతలు పనికిరావు. ఒక్కో కంపెనీ ఫోన్ ఒక్కో లెక్కన వాటిని చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువభాగం సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో (సిగ్నల్ శక్తిని కొలిచే లెక్క) కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్ వేసుకుంటే 4జీ బలం, నాణ్యత, బ్యాండ్ (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ పట్టీ) అన్నీ ఒకేచోట ఉంటాయి. బలాన్ని ఆర్ఎస్ఆర్‌పీ అంటారు. అది మైనస్ అంకె, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మంచిది. మైనస్ 90 లోపల ఉంటే ఏ ఇబ్బందీ ఉండదు. మైనస్ 100 దాకా పని జరుగుతుంది. మైనస్ 110 దాటితే మాట తెగుతుంది, 120 దగ్గర ఫోన్ టవర్‌ను వదిలేస్తుంది. రెండు డీబీఎం అంకెల మధ్య తేడాను డీబీ అంటారు. 3 డీబీ పెరిగితే అందే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. అందుకే 5, 6 డీబీల తేడాను కూడా చిన్నచూపు చూడొద్దు.

రెండో అంకె ఎస్ఐఎన్ఆర్. సిగ్నల్‌లో రొద ఎంత కలిసిందో అది చెబుతుంది. 13 పైన ఉంటే బాగుంది, సున్నా కిందికి పోతే బలం ఎంతున్నా నెట్ ఈడ్చుకుంటుంది.

ఒక కాగితం తీసుకుని ఐదు చోట్ల కొలవండి: వంటింట్లో, పడసాలలో, వాకిట్లో, మిద్దె నాలుగు మూలల్లో, ఊరి బయట మైదానంలో. ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగి, ఏరోప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీసి, అప్పుడు రాసుకోండి. లేకుంటే ఫోన్ పాత టవర్‌నే పట్టుకుని ఉంటుంది. పొద్దున ఒకసారి, రాత్రి 8 గంటలకు ఒకసారి కొలవాలి. రెండు పూటలా బలం ఒకటే ఉండి రాత్రిపూట మాత్రమే నెట్ నెమ్మదిస్తే తప్పు మీ ఇంటిది కాదు, టవర్ మీద జనం ఎక్కువయ్యారు. అలాంటప్పుడు ఎంత పొడుగు కంబం వేసినా లాభం తక్కువ, వేరే టవర్‌నో వేరే కంపెనీనో పట్టుకోవాలి.

ఇప్పుడు కాగితం చూడండి. మిద్దె మీద మైనస్ 88, లోపల మైనస్ 112 ఉంటే టవర్‌ది తప్పు కాదు, గోడది. మన పాత ఇళ్లకు రెండడుగుల మందం రాతిగోడలు, పైన మట్టి మిద్దె, లేదంటే కడప బండలో బేతంచెర్ల బండలో కప్పిన కప్పు. ఇవి ఎండనే కాదు, తరంగాలనూ ఆపుతాయి. జింకు రేకులు ఇంకా కష్టం, లోహం కాబట్టి సిగ్నల్‌ను వెనక్కి కొట్టేస్తాయి. రేకుల ఇంట్లో సిగ్నల్ వచ్చేది తలుపు, కిటికీ, రేకుకూ గోడకూ మధ్య సందుల్లోంచే.

ఖర్చు లేని పనులు ముందు. సిమ్ చాలా ఏళ్ల కిందటిదైతే కంపెనీ దుకాణంలో 4జీ సిమ్‌గా మార్పించుకోండి. వోల్టీ, అంటే 4జీ మీదే మాట్లాడే వసతి, ఆన్‌లో ఉందో లేదో చూడండి. జియోకు 2జీ లేదు, మాట కూడా 4జీ మీదే పోవాలి, కాబట్టి వోల్టీ ఆగితే కాల్ ఆగినట్టే. 5జీ అంచున ఉన్న ఊళ్లలో ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగులాడుతూ బ్యాటరీ తినేస్తుంది. నెట్‌వర్క్ రకాన్ని 4జీకి మార్చి రెండు రోజులు చూడండి. అయస్కాంతం, లోహపు రేకు ఉన్న ఫోన్ కవర్లు తీసేయండి.

గోడే అడ్డమని తేలితే అన్నిటికన్నా మంచి మందు వైఫై కాలింగ్, అంటే టవర్ బదులు ఇంటి వైఫై మీద కాల్ పోవడం. ఊళ్లోకి ఫైబర్ వచ్చి ఉంటే అంతటితో పని అయిపోతుంది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో ఈ సౌకర్యం మొదలుపెట్టాయి. ఫోన్‌కు ఆ వసతి ఉంటే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ అనేది నొక్కితే చాలు, అదే నంబరు మీద కాల్స్ వస్తాయి, పోతాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: వైఫై ఇచ్చే కంపెనీ, మీ సిమ్ కంపెనీ ఒకటే కానక్కరలేదు. అయితే 112కు చేసే అత్యవసర కాల్‌కు దీన్ని నమ్ముకోవద్దు. అలాంటప్పుడు మిద్దె ఎక్కి మామూలు సిగ్నల్ మీదే చేయండి.

రౌటర్‌ను గోడ అలమారలో పెట్టకండి, తలుపులు ఎదురెదురుగా కనిపించే చోట ఎత్తున పెట్టండి. రాతిగోడ దాటాలంటే 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 మేలు. రెండు గోడలు దాటాల్సి వస్తే కేబుల్ లాగి రెండో గదిలో ఇంకో వైఫై పెట్టె పెట్టడమే సరైన పని.

ఫైబర్ రాని ఊరైతే మిద్దె మీది సిగ్నల్‌నే కిందికి దించాలి. దీనికి సిమ్ వేసుకునే 4జీ రౌటర్ కావాలి. దుకాణంలో రెండు విషయాలు గట్టిగా అడగండి. ఒకటి, ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేయాలి, ఒక కంపెనీకే తాళం వేసింది వద్దు. రెండు, బయట యాంటెన్నా తగిలించే ఎస్ఎంఏ రంధ్రాలు రెండు ఉండాలి. వైఫై యాంటెన్నాలకు వాడే రివర్స్ ఎస్ఎంఏ మరలు చూడటానికి ఒకేలా ఉంటాయి, బిగుసుకుంటాయి కూడా. కానీ నడిమి సూది తగలదు, సిగ్నల్ రాదు. కొన్న యాంటెన్నా పనిచేయలేదని తిరిగిచ్చేవాళ్లలో కొందరిది ఈ పొరపాటే. ఇంకో మాట, అపరిమిత 5జీ ప్లాన్ ఉన్న సిమ్‌ను 4జీ రౌటర్‌లో వేస్తే రోజుకు ఇచ్చే డేటా వరకే వస్తుంది.

యాంటెన్నాకన్నా కేబుల్ దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. సన్నని ఆర్‌జీ 58 కేబుల్ 10 మీటర్లు లాగితే 4జీ నడిచే 1800, 2300 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీల దగ్గర 7 నుంచి 10 డీబీ దారిలోనే పోతుంది. అంటే 10 డీబీ లాభమిచ్చే యాంటెన్నా కొని ఆ లాభమంతా కేబుల్‌కు తినిపించినట్టు. లావుపాటి ఎల్ఎంఆర్ 400 అయితే అదే దూరానికి 2 డీబీ చిల్లర పోతుంది. అంతకన్నా తెలివైన దారి ఇంకొకటుంది. రౌటర్‌నే పైకి ఎక్కించాలి. వానకు తట్టుకునే అవుట్‌డోర్ 4జీ రౌటర్‌ను కంబానికి బిగించి, క్యాట్ 6 నెట్ కేబుల్ మీదే కరెంటు పైకి, నెట్ కిందికి పంపాలి. ఈ పద్ధతికి పీవోఈ అని పేరు. 100 మీటర్ల దాకా సిగ్నల్ నష్టమే ఉండదు. కేబుల్ పూర్తి రాగిది కావాలి. అల్యూమినియంకు రాగి పూత పూసినది చవకే గానీ, కరెంటు పైకి చేరేసరికి వోల్టేజ్ పడిపోయి రౌటర్ ఆగి ఆగి వెలుగుతుంది. నల్లతొడుగున్న అవుట్‌డోర్ రకమే అడగండి. ఇంట్లో వాడే తెల్ల కేబుల్ మన ఎండలకు పగిలిపోతుంది. నల్లమల అంచు ఊళ్లలో కోతులు కొరికేస్తాయి కాబట్టి పీవీసీ పైపులోంచి తీయండి.

కంబానికి ఒకటిన్నర అంగుళం జీఐ పైపు చాలు. మిద్దె మీద ఆరు నుంచి పది అడుగులు లేస్తే మంచిది. పిట్టగోడకు రెండడుగుల ఎడంలో రెండు క్లాంపులు బిగించండి, రేకులకు బిగించొద్దు. పది అడుగులు దాటితే మూడు వైపులా తీగలు లాగి కట్టాలి, ఆషాఢం గాలికి యాంటెన్నా మొహం తిరిగిపోతే పడిన కష్టమంతా వృథా. కరెంటు తీగలకు కంబం పొడవుకన్నా ఎక్కువ దూరంలో నిలబెట్టండి, పడినా తీగ మీద పడకూడదు. నీళ్ల ట్యాంకు, రేకుల షెడ్డు టవర్ వైపు అడ్డం రాకూడదు.

టవర్ ఏ దిక్కున ఉందో టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ ఊరు పెట్టి చూడొచ్చు. కొన్ని ఫోన్లలో నెట్‌మాన్‌స్టర్ టీఏ అనే అంకె చూపిస్తుంది. దాన్ని 78తో గుణిస్తే టవర్ ఎన్ని మీటర్ల దూరమో ఉజ్జాయింపుగా తేలుతుంది. యాంటెన్నాను ఆ దిక్కుకు తిప్పి, అక్కడి నుంచి 15 డిగ్రీల చొప్పున రెండు వైపులా జరుపుతూ, ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగి ఫోన్ బ్రౌజర్‌లో తెరిచే రౌటర్ పేజీలోని అంకెలు రాసుకోండి. బలం ఒకచోట, ఎస్ఐఎన్ఆర్ ఇంకోచోట ఎక్కువగా ఉంటే ఎస్ఐఎన్ఆర్ ఉన్న చోటే బిగించండి. విడివిడిగా రెండు యాంటెన్నాలైతే ఒకదాన్ని కుడికి 45, ఇంకోదాన్ని ఎడమకు 45 డిగ్రీలు వంచాలి.

పిడుగును మరిచిపోవద్దు. ఎండాకాలపు గాలివానలకు, అక్టోబర్ వానలకు మన మెట్టలో పిడుగులు ఎక్కువ. కంబాన్ని జీఐ తీగతో ఎర్త్ గుంతకు కలపండి, ఎండాకాలంలో ఆ గుంతకు నీళ్లు పోస్తూ ఉండండి. ఉరుములు వినిపించగానే కింద అడాప్టర్‌తో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయాలి, ఒక్కటి పీకితే చాలదు. ఇక కరెంటు కోతలకు 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ పెడితే 7 వాట్లు తాగే రౌటర్ సుమారు 8 గంటలు నడుస్తుంది.

సిగ్నల్ బూస్టర్ అని ఆన్‌లైన్‌లో అమ్మే పెట్టెలు కొనకండి. అనుమతి లేకుండా వాటిని వాడటం చట్టవిరుద్ధం. అది కాగితం మీది నిబంధన మాత్రమే కాదు. బయటి యాంటెన్నా, లోపలి యాంటెన్నా ఒకదాని గొంతు ఒకటి విని, మైకు ముందు స్పీకర్ పెట్టినట్టు కూత పెడతాయి. ఆ రొద టవర్‌కు చేరి చుట్టుపక్కల ఇళ్ల ఫోన్లన్నీ దెబ్బతింటాయి.

మిద్దె మీద కూడా మైనస్ 115 దాటితే ఎదురుగా కొండ ఉందేమో చూడండి. లంకమల, పాలకొండ, ఎర్రమల కొండల పాదాల ఊళ్లలో ఇది మామూలు. కొండకు ఆనుకుని ఉన్నకొద్దీ నీడ గాఢం. కొండకు దూరంగా వంద మీటర్లు జరిగితే శిఖరం మీదుగా వంగి వచ్చే తరంగం అందొచ్చు. కల్లం దగ్గరో దొడ్డి చివరో అలాంటి చోటు దొరికితే రౌటర్ అక్కడ పెట్టి కేబుల్ ఇంటికి లాగండి.

అదీ కుదరకపోతే కంపెనీ మార్చడమే. పోర్ట్ (అదే నంబరుతో కంపెనీ మారడం) పెట్టకముందు పక్కింటివాళ్ల సిమ్‌తో మీ ఇంట్లోనే కొలవండి. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం ఎక్కువ దూరం పోతుంది, గోడను బాగా దాటుతుంది. జియోకు 850 మెగాహెర్ట్జ్ మీద బ్యాండ్ 5, ఎయిర్‌టెల్‌కు 900 మీద బ్యాండ్ 8, బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మీద బ్యాండ్ 28 ఉన్నాయి. పాత ఫోన్లలో కొన్నింటికి బ్యాండ్ 28 ఉండదు, సిమ్ కొనేముందు ఫోన్ వివరాల్లో చూసుకోండి. పోర్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు చేర్చి 1900కు పంపితే కోడ్ వస్తుంది. సిమ్ తీసుకుని 90 రోజులు దాటి ఉండాలి.

అడవి అంచు ఊళ్లలో డిజిటల్ భారత్ నిధి అనే ప్రభుత్వ నిధి సొమ్ముతో కట్టిన 4జీ టవర్లు ఉంటే, 2025 జనవరి నుంచి అక్కడ ఒక కంపెనీ టవర్‌ను ఇంకో కంపెనీ సిమ్ వాడుకునే ఏర్పాటు ఉంది. ఫోన్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్‌లో, రోమింగ్‌ను ఆన్‌లో ఉంచండి.

ఫిర్యాదు చేయాలంటే కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేయండి. సిగ్నల్ రావడం లేదు అని మాత్రం చెప్పొద్దు. ఊరు, మండలం, టవర్ దిక్కు, మిద్దె మీద, ఇంట్లో ఏ పూట ఎంత అంకె వచ్చిందో కాగితంలోంచి చదివి వినిపించండి. డాకెట్ నంబరు, అంటే వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు, రాసుకోండి. గడువులోపు జవాబు రాకపోతే ఆ నంబరుతోనే అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి. ఊళ్లో నలుగురు నాలుగిళ్ల అంకెలతో వేర్వేరుగా ఫిర్యాదు పెడితే, లోపం మీ ఫోన్‌దేనని తోసేయడానికి వాళ్లకు వీలుండదు.