ఉల్కల్లో వజ్రాలు – 3వ పాఠం: పుట్టుక ఆనవాళ్లు పట్టుకోవడం

గ్రాఫైట్, వజ్రం రెండూ కార్బనే, పరమాణువుల అమరికే వేరు అని గత పాఠంలో చూశాం. ఉల్కలో వజ్రం కనిపిస్తే అది ఎలా పుట్టిందో తేల్చడం ఈసారి నేర్చుకుందాం.

మొదట రేణువు సైజు చూడండి. 1969లో మెక్సికోలో పడిన అయెండే ఉల్కలోని వజ్రాలు రెండు మూడు నానోమీటర్లే (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు). 1987లో వాటిని వేరు చేసి చూస్తే, లోపల చిక్కుకున్న జినాన్ వాయువులోని ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన, బరువు తేడా ఉన్న పరమాణువుల) పాళ్లు మన సౌరకుటుంబంలో మామూలుగా కనిపించే పాళ్లతో కలవలేదు. కాబట్టి వీటిలో కొన్నయినా సూర్యుడి కంటే ముందు పుట్టినవే. చేతిలో పట్టుకోగల రాయిలో అంత పాత పదార్థం ఉండటం నాకు ఇప్పటికీ గొప్ప విషయమే.

రేణువు అంతకంటే పెద్దదైతే పక్కన ఏముందో చూడాలి. సుమారు 50 వేల ఏళ్ల కిందట అరిజోనాలో ఒక ఇనుప ఉల్క నేలను ఢీకొంది. ఆ దెబ్బకు దానిలోని గ్రాఫైట్ క్షణంలో నలిగి వజ్రమైంది. దాంతోపాటే లాన్స్‌డేలైట్ కూడా ఉంది. అది 1967లో గుర్తించిన, ఆరు మూలల అమరిక ఉన్న కార్బన్ ఖనిజం. గ్రాఫైట్, వజ్రం, లాన్స్‌డేలైట్ కలగలిసి ఉంటే ముందుగా ఢీకొనడాన్నే అనుమానించండి. అయితే లాన్స్‌డేలైట్ అంటున్నది అమరిక చెడిన వజ్రమేనని 2014లో కొందరు వాదించారు. అందుకే అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

అసలు చిక్కు యూరీలైట్ అనే, కార్బన్ ఎక్కువగా ఉండే రాతి ఉల్కలతో వస్తుంది. 2008 అక్టోబరు 6న ఒక చిన్న గ్రహశకలం టెలిస్కోపుకు చిక్కింది. మర్నాడే సూడాన్‌లోని నూబియా ఎడారి మీద పేలిపోయింది. ఖార్టూమ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇసుకలో నడుస్తూ దాని ముక్కలు ఏరారు. వాటికి అల్మహతా సిట్టా అని పేరు, వాటిలో ఎక్కువ యూరీలైట్లే. అందులోని వజ్రాల లోపల ఇరుక్కున్న ఖనిజాలను బట్టి, అవి 20 గిగాపాస్కల్స్ పైబడిన పీడనంలో, అంటే మన గాలి పీడనానికి దాదాపు 2 లక్షల రెట్లు మించిన ఒత్తిడిలో పుట్టాయని 2018లో ఒక బృందం చెప్పింది. అంత పీడనం పెద్ద గ్రహం లోతుల్లో ఉంటుంది, ఆ లెక్కన బుధుడికీ అంగారకుడికీ మధ్య సైజు గ్రహం ఒకటి ఉండి ముక్కలైపోయి ఉండాలి. అంత గ్రహం అక్కర్లేదు, ఢీకొన్నప్పటి పీడనానికి కరిగిన ఇనుము తోడైతే పెద్ద వజ్రాలు కూడా పెరుగుతాయని 2020లో మరో బృందం అంది. వజ్రాల పక్కనే నలిగిన గ్రాఫైట్ ఉంది కాబట్టి నా మొగ్గు రెండో వాదన వైపే.

అభ్యాసం: ఒక యూరీలైట్ ముక్కలో 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వజ్రం ఉంది. చుట్టూ గ్రాఫైట్, దాన్ని తాకుతూ ఇనుము, పక్కనున్న ఆలివిన్ అనే ఖనిజం స్ఫటికాల నిండా పగుళ్లు. మీరు ఏ పుట్టుక వైపు మొగ్గుతారు? ఆ అభిప్రాయం మార్చుకోవాలంటే వజ్రం లోపల ఏం దొరకాలి? నాలుగు వాక్యాల్లో రాయండి.