సొంతంగా సమాకలనం – 7వ పాఠం: మూడు బయటికొస్తుంది, వర్గం ఎందుకు రాదు?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క. 3ఎక్స్ + 2ని 0 నుంచి 1 దాకా సమాకలనం (ఇంటిగ్రేషన్, అంటే గ్రాఫు కింది వైశాల్యం కట్టడం) చేస్తే మీకు 7/2 వచ్చి ఉండాలి. 3ని బయటికి తీసి, ఎక్స్‌నీ 2నీ విడివిడిగా సమాకలనం చేసి కలిపితే 3/2 + 2. రానివాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి చేసి రండి, ఇవాళ్టి విషయం దాని మీదే నిలబడుతుంది.

గుంటూరులో సాయంత్రంపూట నా దగ్గరికి లెక్కలకి వచ్చే ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి ఈ లెక్క చూసి అడిగింది: "మూడు బయటికొచ్చింది కదా సార్, మరి వర్గం ఎందుకు రాదు?" పరీక్ష హాల్లో టెన్షన్‌లో చాలామంది అడక్కుండానే వర్గాన్ని బయటికి లాగేసి మార్కులు పోగొట్టుకుంటారు. ఆ అమ్మాయి ఆగి అడిగింది. నాకు చాలా సంతోషం వేసింది.

కాగితం తీసుకోండి. 0 నుంచి 1 దాకా ఎక్స్ సమాకలని, అంటే సమాకలనం చేస్తే వచ్చే విలువ, 1/2. దాన్ని వర్గం చేస్తే 1/4. ఇప్పుడు ముందే వర్గం చేసి, ఎక్స్ వర్గాన్ని సమాకలనం చేయండి: 1/3. రెండూ వేరు. కుదరదని తేల్చడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఎందుకు కుదరదో తెలిస్తేనే ఇంకో ప్రమేయం (ఫంక్షన్) ఎదురైనప్పుడు మీరే చెప్పగలుగుతారు.

సమాకలనం అంటే సన్నని పట్టీల వైశాల్యాలు కూడుకుంటూ పోవడమని మొదటి పాఠంలో చూశాం. రెండే పట్టీలున్నాయనుకోండి, వైశాల్యాలు 3, 4. కూడి వర్గం చేస్తే 49. విడివిడిగా వర్గం చేసి కూడితే 9 + 16, అంటే 25. తేడా 24 ఎక్కడిది? 2 × 3 × 4. మొత్తాన్ని వర్గం చేసినప్పుడు ప్రతి పట్టీ తనతోనే కాక పక్క పట్టీతో కూడా గుణించుకుంటుంది. పట్టీలు లెక్కలేనన్ని అయితే ఈ అడ్డ గుణకారాలూ లెక్కలేనన్ని. విడిగా వర్గం చేసినప్పుడు అవేవీ ఉండవు.

అంటే సమాకలని లోపలికీ బయటికీ తిరగగలిగే ప్రమేయం కూడికని చెడగొట్టకూడదు: కూడాక వేసినా, విడిగా వేసి కూడినా ఒకటే రావాలి. అవిచ్ఛిన్న ప్రమేయాల్లో (గ్రాఫు ఎక్కడా తెగకుండా సాగేవాటిలో) ఆ గుణం ఉన్నది ఒక్క రకానికే: స్థిరసంఖ్యతో గుణించడం. 1821లోనే ఫ్రెంచి గణితవేత్త కోషీ దీన్ని నిరూపించాడు. 5 కలపడం కూడా పనికిరాదు, ఇది చాలామంది గమనించరు. 0 నుంచి 2 దాకా ఎక్స్ + 5 సమాకలని 12. ఎక్స్ ఒక్కదాన్నే సమాకలనం చేసి చివర్లో 5 కలిపితే 7. ఆ 5 అంతరం పొడుగునా, అంటే 0 నుంచి 2 దాకా అంతటా, ఉంది కాబట్టి 2తో గుణించాల్సిందే.

సమాకలనిని అంతరం పొడవుతో భాగిస్తే వచ్చేది సగటే, కాబట్టి సగటుకీ ఇదే చిక్కు. ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. విజయవాడ నుంచి వారధి దాటి మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్లారు. లెక్క తేలిక కోసం దూరం 30 కిలోమీటర్లనుకుందాం. వెళ్లేటప్పుడు ట్రాఫిక్, గంటకి 30. వచ్చేటప్పుడు రోడ్డు ఖాళీ, గంటకి 60. సగటు వేగం ఎంత? 45 అని నోటికొచ్చేస్తుంది. కానీ గంట ఒకటి, అరగంట ఒకటి, మొత్తం గంటన్నరలో 60 కిలోమీటర్లు తిరిగారు. సగటు 40. కిలోమీటరుకి పట్టే కాలం 1/వేగం. 1/30, 1/60ల సగటు 1/40. 30, 60ల సగటుని తిరగేస్తే 1/45. సగటు ముందా, తిరగేయడం ముందా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది.

మీ ఇంట్లో కరెంటుదీ ఇదే సంగతి. వోల్టేజి సైన్ వక్రంలా పైకీ కిందికీ ఊగుతుంది, ఒక పూర్తి ఆవర్తనంలో సగటు సున్నా. ఆ సున్నాని వర్గం చేసినా సున్నానే, మరి ఇస్త్రీ పెట్టె ఎలా వేడెక్కుతోంది? వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పుడుతుంది. ముందు వర్గం, తర్వాత సగటు, ఆఖర్న వర్గమూలం. శిఖరం సుమారు 325 వోల్టులైతే ఇలా వచ్చేది 230. మనం రోజూ చెప్పుకునే 230 అదే.

తేడా ఎటువైపు ఉంటుందో కూడా చెప్పొచ్చు. ప్రమేయం గ్రాఫు వెల్లకిలా పెట్టిన గిన్నెలా ఉంటే, ముందు ప్రమేయం వేసి తర్వాత సగటు తీసినదే పెద్దది, లేదా సమానం. బోర్లించిన గిన్నెలా ఉంటే తిరగబడుతుంది. దీన్ని 1906లో ప్రచురించిన డెన్మార్క్ వాడు యెన్సెన్, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరుగా ఉద్యోగం చేసుకుంటూ గణితం మీద పనిచేశాడు. ఇది సగటుల మాట. సమాకలనిని అలాగే వాడాలంటే అంతరం పొడవు 1 ఉండాలి. లేకపోతే ముందు పొడవుతో భాగించండి.

ఈసారి లెక్కలు రెండు. 0 నుంచి 1 దాకా ఎక్స్ వర్గమూలం సమాకలని కట్టి, ఎక్స్ సమాకలని వర్గమూలంతో పోల్చండి. ఏది పెద్దదో గ్రాఫు గీసి ముందే ఊహించి రాసుకోండి. రెండోది, -1 నుంచి 1 దాకా ఎక్స్ పరమమూల్యం (రుణ గుర్తు ఉంటే తీసేసిన విలువ): ముందు సమాకలనం చేసి, తర్వాత పరమమూల్యం తీయండి. వరస మార్చి మళ్లీ చేయండి.

వచ్చే పాఠంలో అవధిని (లిమిట్‌ని) సమాకలని లోపలికి తీసుకెళ్లవచ్చా అన్నది చూద్దాం. 0 నుంచి 1/ఎన్ దాకా ఎత్తు ఎన్, మిగతా అంతా సున్నా ఉండే దీర్ఘచతురస్రాన్ని ఎన్ = 1, 2, 10లకి గీసి ఉంచుకోండి.