ఐదో పాఠం: ఒకే మనిషి, రెండు సైట్లు

ఈరోజు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో రిసోర్స్ పూల్ మొదలుపెట్టాలి, అంటే అన్ని ప్రాజెక్ట్ ఫైళ్లకూ ఉమ్మడిగా వాడే మనుషుల, యంత్రాల జాబితా. ముందు పోయిన పాఠం అప్పు తీర్చాలి. జీతాలు ఎక్కించమన్నాను, ఎక్కించారు, ఖర్చు ఎక్కువ చూపిస్తోందన్నారు. తప్పు నాదే, సగం చెప్పి వదిలేశాను.

నెలకు 40,000 జీతమున్న సైట్ ఇంజనీరుకి స్టాండర్డ్ రేట్ గడిలో నెల రేటుగా 40,000 కొట్టారు. మనం మార్చనంతవరకు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌కి నెలంటే 20 రోజులు, రోజంటే 8 గంటలు. మొత్తం 160 గంటలు, గంటకు 250 రూపాయలు. మన సైట్లలో ఆదివారం ఒక్కటే సెలవు. క్యాలెండర్‌లో శనివారం కూడా పనిరోజే అని పెట్టాక నెలకు 26 రోజులు, 208 గంటలు. 208 ఇంటూ 250 ఎంత? 52,000. ఇంజనీరు చూశాడంటే ఆ 12,000 ఎక్కడని అడుగుతాడు.

ఆప్షన్స్‌లో షెడ్యూల్ కింద నెలకు ఎన్ని రోజులో మార్చుకోవచ్చు. నేను దాని జోలికి వెళ్లను, ఎందుకంటే 'ఒక నెల' అని రాసే పనుల వ్యవధి కూడా దాన్నిబట్టే లెక్కకొస్తుంది. ఏడాది జీతం 4,80,000ని ఏడాది పనిగంటలు 2,496తో (వారానికి 48, 52 వారాలు) భాగించి, గంటకు 192.31 అని నేరుగా రాసేస్తాను. జేసీబీకి ఈ గొడవ లేదు, దాని అద్దె ఎలాగూ గంటల లెక్కే.

ఇక పూల్. కొత్త ఫైల్ తెరిచి, పనులేవీ రాయకుండా రిసోర్స్ షీట్ (మనుషులు, యంత్రాలు, వాటి రేట్లు రాసే పట్టిక) మాత్రం నింపి సేవ్ చేయండి. దాన్ని తెరిచి ఉంచి, ఒక్కో ప్రాజెక్ట్ ఫైల్లో రిసోర్స్ ట్యాబ్, రిసోర్స్ పూల్, షేర్ రిసోర్సెస్‌కి వెళ్లి ఆ ఫైల్‌ని ఎంచుకోండి. కింద 'పూల్‌దే పైచేయి' అనే అర్థమిచ్చే ఆప్షన్ ఉంచండి. అంతే.

అంతే అంటాను గానీ, నన్ను ఎక్కువగా విసిగించేది ఇక్కడే ఉంది: పేర్లు. ఒక ఫైల్లో రమేష్, ఇంకోదాంట్లో రమేశ్, మూడోదాంట్లో కె. రమేష్. సాఫ్ట్‌వేర్‌కి వీళ్లు ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికీ వంద శాతం ఖాళీ. పాపం ఆ ఒక్క రమేష్ పొద్దున ఒక సైట్‌లో స్లాబ్, మధ్యాహ్నం ఇంకో సైట్‌లో పునాది చూస్తూ బండి మీద తిరుగుతుంటాడు, మన తెరమీద మాత్రం పని ఎక్కువైందని చెప్పే ఎర్ర అక్షరం ఒక్కటీ కనబడదు. దీనికి తిరగేసిన కేసు ఇంకా ఘోరం. సెంట్రింగ్ మేస్త్రీ శ్రీనివాస్, స్టోర్ కీపర్ శ్రీనివాస్ పూల్‌లో ఒక్కరైపోతారు. మేస్త్రీ రేటు స్టోర్ కీపర్‌కి పడుతుంది, లేని ఓవర్‌లోడ్ ఎర్రగా వెలుగుతుంది. మన దగ్గర శ్రీనివాసులకు కొదవా?

అందుకే నేను పేరు పక్కన హాజరుపట్టీ నంబరు పెడతాను: శ్రీనివాస్-14, శ్రీనివాస్-31. ఇప్పటికే ముగ్గురైన రమేష్‌ని ఒక్కడిని చేయాలంటే, అసైన్ రిసోర్సెస్‌లో రీప్లేస్ నొక్కి పనులన్నీ ఒకే పేరుకి మార్చండి. మిగతా రెండు పేర్లు ఆ తర్వాతే తీసేయండి. ముందే తీసేస్తే ఆ పనులకు మనిషే ఉండడు.

పూల్‌ని రీడ్ రైట్‌లో తెరిచి టీకి వెళ్లకండి, మిగతావాళ్లు దాంట్లో ఏదీ సేవ్ చేయలేరు. రీడ్ ఓన్లీ చాలు. మార్పులయ్యాక అప్‌డేట్ రిసోర్స్ పూల్ నొక్కండి.

అభ్యాసం: రెండు ప్రాజెక్టుల్లో ఒకే వారానికి, ఆరు రోజుల పనికి, ఒకే ఇంజనీరుని 60 శాతం చొప్పున వేయండి. పూల్ ఫైల్లో రిసోర్స్ యూసేజ్ (ఎవరికి ఎన్ని గంటల పనో చూపే పట్టిక) తెరవండి. 48 గంటల వారానికి 57.6 గంటలు ఎర్రగా కనబడాలి. కనబడకపోతే పేర్లు చూసుకోండి. ఇప్పుడు లెవెల్ ఆల్ (సాఫ్ట్‌వేరే పనులు జరిపి సర్దేసే బటన్) ముట్టుకోకుండా ఆ 9.6 గంటలు దించండి. తేదీ జరిపితే ఖర్చెంత, గంటకు 260 ఇచ్చి ఇంకో మనిషిని వేస్తే ఎంత, రెండు విధాలా చేసి, ఆ వారం మొత్తం ఖర్చు రెండు ఫైళ్లలోనూ రాసుకోండి. ఆరో పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.