కార్తీక వనభోజనాలకు కోనకు వెళ్తున్నారా? ముందు వాగు సంగతి చూసుకోండి

పంచాంగం ప్రకారం కార్తీకం శరదృతువు. తెల్లటి మబ్బులు, తేటబడిన ఏళ్లు, పిండారబోసినట్టు వెన్నెల అని చిన్నప్పుడు బళ్లో వ్యాసాలు రాశాం. కిటికీ బయట వాన కురుస్తుంటే ఆ వ్యాసం ఎలా రాశామో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నెల్లూరు వాళ్లకు కార్తీకమంటే నడివానాకాలం. ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు, వాటి వెనకే బంగాళాఖాతంలో ఒకదాని తర్వాత ఒకటి అల్పపీడనాలు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం పులిహోర గిన్నెలు, పిల్లలు, అమ్మమ్మలతో సహా బయల్దేరి అడవిలోకి, అదీ ఏటి పక్కకు వెళ్తాం.

మా కాలనీ వనభోజనాల పని నా నెత్తిన పడి చాలా ఏళ్లయింది. ప్రతిసారీ అందరూ అడిగేది పాముల గురించే. "ఏందన్నా, ఆడ పాములుంటాయా?" ఉంటాయి. కానీ ఇన్నేళ్లలో నన్ను నిజంగా టెన్షన్ పెట్టినవి రెండే: నీళ్లు, తేనెటీగలు. అందుకని వాటి గురించి ఎక్కువ చెప్తాను, మిగతావి దారిలో చెప్పుకుందాం.

2021 నవంబరు 19 గుర్తుందా? కార్తీక పౌర్ణమి. ఆ పొద్దున కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిల మీదుగా మన ఊరి పక్కనే పారుతుంది. ఆ వరదకు పడుగుపాడు దగ్గర రైలుపట్టాల మీదికి కూడా నీళ్లొచ్చాయి. నెల్లూరులో ఎంత వాన పడిందన్నది కాదు, ఎగువన కొండల్లో ఎంత పడిందన్నదే లెక్క. పెన్నకైనా అంతే, కోనలో మోకాలి లోతు పారే ఏటికైనా అంతే.

కాబట్టి మొదటి జాగ్రత్త తేదీ దగ్గరే. ఒక్క తేదీ ఖాయం చేసుకుని వంటవాళ్లకు, బండ్లకు అడ్వాన్సులు ఇచ్చేస్తే, ఆ రోజు తుఫాను ఉన్నా "ఇచ్చిన డబ్బులు పోతాయబ్బా" అని వెళ్లాలనిపిస్తుంది. రెండు తేదీలు అనుకోండి, బండివాళ్లతో కూడా అలాగే మాట్లాడుకోండి. వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే హెచ్చరికల్లో మీ జిల్లా నారింజ రంగులోనో ఎరుపులోనో ఉంటే రెండో తేదీకి మార్చేయండి. పసుపు ఉంటే కోన మానేసి ఊళ్లోనే ఏ తోటలోనో కానివ్వండి, ఉసిరిచెట్టు అక్కడా ఉంటుంది. మన జిల్లాతో పాటు పక్కనున్న కడప వైపు హెచ్చరిక కూడా చూడాలి, రెండు జిల్లాల మధ్యనున్న వెలిగొండలకు అటువైపు కూడా వాన పడుతుంది కదా. పిడుగుల కోసం దామిని యాప్ ఫోన్లో వేసుకోండి.

నిజం చెప్పాలంటే అడవిలో నడకకు సంక్రాంతి దాటాక వచ్చే రోజులు చాలా మంచివి. వానలు ఆగి ఉంటాయి, ఏళ్లలో ఇంకా నీళ్లుంటాయి, ఎండ ముదరదు. కానీ కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తింటేనే పుణ్యమనే పెద్దవాళ్లను ఒప్పించడం నా వల్ల కాలేదు. మీ వల్ల అవుతుందని కూడా అనుకోను.

మేం ఎక్కువగా వెళ్లేది పెంచలకోన. నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు. పెనుశిల లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, ఏటి వెంబడి కాస్త నడిచి, భోజనాలు చేసి రావడం మా అలవాటు. ఒకసారి ఇలాగే పిల్లలు ఏటి మధ్య బండల మీద కూర్చుని కాళ్లు ఆడిస్తున్నారు. పైన చక్కటి ఎండ. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "సామీ, ఎగువన వాన పడతా ఉండాది. నీళ్ల రంగు చూడు, పిల్లకాయల్ని పైకి తీసుకో" అన్నాడు. చూస్తే నిజమే. అద్దంలా ఉన్న నీళ్లు టీ రంగుకు తిరుగుతున్నాయి, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. పిల్లల్ని లాక్కొచ్చాం. కాసేపటికి వాళ్లు కూర్చున్న బండలు కనబడలేదు. ఆ పెద్దాయన ఆగకపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ రానివ్వను.

ఆయన దగ్గర నేర్చుకున్నదే మీకూ చెప్తున్నా. నీళ్ల రంగు మారినా, చెత్త కొట్టుకొస్తున్నా, ఏటి చప్పుడు ఉన్నట్టుండి బరువెక్కినా, సామాన్లు వదిలేసి గట్టు ఎక్కాలి. ఏటి వెంబడి కిందికి పరిగెత్తడం కాదు, ఏటికి దూరంగా ఎత్తుకు పోవాలి. మనవాళ్లలో కొందరు అవతలి ఒడ్డున ఉండిపోతే అక్కడే ఉండమనండి. కొండ ఏరు ఎంత వేగంగా పొంగుతుందో చాలాసార్లు అంత తొందరగానే తీస్తుంది. గంటో రెండు గంటలో ఆగితే దాటొచ్చు. తాడు కట్టుకుని దాటే సాహసాలు వద్దు. చాప, బండ్లు, పొయ్యి ఏవీ ఏటి ఇసుకలో పెట్టకండి, ఆ ఇసుకను అక్కడికి తెచ్చింది వరదే.

మడుగులు ఇంకో సంగతి. పైకి నిమ్మళంగా ఉంటాయి, లోపల బండల మధ్య ఎంత లోతో తెలీదు. పాచి పట్టిన బండ మీద కాలు జారితే ఈత వచ్చినవాడి తల కూడా బండకే తగులుతుంది. సెల్ఫీ కోసం బండ అంచుకు వెళ్లేవాళ్లకు ఇక్కడ ఎన్ని చెప్పినా వినరు, బండి దిగకముందే చెప్పాలి. తిరుగు ప్రయాణంలో చప్టా మీద నీళ్లు పారుతుంటే, ముందు బండి దాటింది కదా అని దాటొద్దు. మోకాలి కిందకు పారే నీళ్లు కూడా మనిషిని పడగొడతాయి. నీళ్ల కింద చప్టా అంచు కోసుకుపోయి ఉంటే డ్రైవరుకు కనబడదు.

ఇక తేనెటీగలు. కొండచరియలకు, పెద్ద పెద్ద చెట్లకు చేటంత పట్టు వేలాడేవి కొండ తేనెటీగలు. వాటి జోలికి పోకపోతే అవి మన జోలికి రావు. అయితే మనం పోకుండా ఉండం. ఓ ఏడు మా వాళ్లు నీడ బాగుందని ఒక పెద్ద చెట్టు కిందే పొయ్యి పెట్టారు. తడి కట్టెలు, పొగ నిట్టనిలువుగా పైకి. పైన పట్టు ఉందని మాకు ఎలా తెలిసిందో వేరే చెప్పక్కర్లేదు. తువ్వాళ్లు విసిరినవాళ్లకే ఎక్కువ కుట్టాయి. ఈగ కుట్టినప్పుడు దాని ముల్లు దగ్గర్నుంచి అరటిపండు లాంటి వాసన ఒకటి వస్తుంది, అది మిగతా ఈగలకు పిలుపు. అందుకే ఒకటి కుట్టిన చోటే పది కుడతాయి.

చాప పరిచే ముందు తల ఎత్తి కొమ్మలు, చుట్టుపక్కల చరియలు చూడండి. పట్టు కనబడితే అక్కడ పొయ్యి, టపాసులు, రాళ్లు విసరడం, డ్రోను ఏదీ వద్దు. గట్టి సెంటు కూడా ఇంట్లోనే వదిలేయండి. ఈగలు లేచాయంటే చున్నీయో తువ్వాలో ముఖానికి కప్పుకుని, చేతులు ఊపకుండా, వాహనాల దగ్గరకు పరుగే. నాలుగడుగులు వేసి ఆగితే చాలదు, చాలా దూరం తరుముతాయి. వాహనంలో దూరి అద్దాలు ఎత్తేయండి. నీళ్లలో దూకితే పైన కాచుకుని ఉంటాయి. తర్వాత ముళ్లు గోరుతో గీకి తీసేయండి, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా, ఒంటినిండా దద్దుర్లు లేచినా, చిన్నపిల్లలకు చాలా చోట్ల కుట్టినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

అసలు పొయ్యి వెలిగించొచ్చా అనే ప్రశ్న ఉంది. పెంచలకోన కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యంలోవి. అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వంట ఇంటి దగ్గరే చేసుకుని తీసుకెళ్లండి. బాట దాటి లోపలికి నడవాలంటే అటవీ సిబ్బందిని ముందు అడగండి. వద్దంటే వాదించకండి, ఎలుగుబంటి ఎక్కడ తిరుగుతోందో వాళ్లకు తెలిసినంత మనకు తెలీదు. చలికాలంలో రేగుపళ్లు పండుతాయి, మనకు ఎంత ఇష్టమో ఎలుగుకూ అంతే. రేగుపొదల్లోకి మాట్లాడుకుంటూ, గుంపుగా వెళ్లాలి. పొద్దున్నే, సాయంత్రం అసలు వెళ్లొద్దు.

పాముల సంగతి. చలికాలంలో పాములు బయటికి రావన్న మాట మన దగ్గర చెల్లదు. రక్తపింజర ఈ రోజుల్లో ఎండ పొడ కోసం పగలే బాట పక్కకు వస్తుంది. ఎండుటాకుల్లో కలిసిపోతుంది, దగ్గరికి వెళ్తే కుక్కర్ విజిల్ ముందు వచ్చే శబ్దంలా బుసకొడుతుంది. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, చెయ్యి పెట్టే ముందు బండ సందు చూడండి. కరిస్తే తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, పామును చంపి తేవడానికి వెంటపడొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, కరిచిన కాలు కదలనివ్వకుండా, విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ ఆసుపత్రి దగ్గరో బయల్దేరే ముందే కనుక్కుని ఉండాలి. కోనలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, నంబర్లు కాగితం మీద రాసుకోండి.

పిల్లలకు చెప్పాల్సినవి మూడు. ఎరుపు నలుపు గురివింద గింజలు ఏరుకోవచ్చు గానీ కొరకకూడదు. ఉమ్మెత్త కాయలు ముట్టుకోకూడదు. ముదురు గోధుమరంగు నూగుతో వేలాడే కాయలు చింతకాయలు కావు, దురదగొండి. అంటుకుంటే రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. సెల్లోటేపు అంటించి లాగితే నూగు వస్తుంది, తర్వాత కడగండి. కోతుల ముందు చేతిలో కవరు కనబడనివ్వకండి. కోతి కరిచినా గీరినా పావుగంట సబ్బుతో కడిగి, టీకాకు వెళ్లాల్సిందే.

భోజనం గురించి ఒక్క మాట. తెల్లవారుజామున మూడింటికి కలిపి వేడివేడిగా మూత బిగించిన అన్నం మధ్యాహ్నం రెండింటికి తినేసరికి పాడవడానికి కావలసినంత టైముంది. పులిహోర చింతపండు పుణ్యమా అని కాస్త నిలుస్తుంది. దద్దోజనం కలిపి తీసుకెళ్లకండి, పెరుగు వేరుగా పెట్టుకుని అక్కడే కలపండి. చేపల పులుసు మర్నాటికి రుచి పెరుగుతుందని మనం గొప్పలు చెప్పుకుంటాం, పెరుగన్నానికి ఆ వరం లేదు.

బయల్దేరడం మరీ చీకటితో వద్దు. డిసెంబరు, జనవరిల్లో పొలాల మధ్య పొగమంచు కమ్ముకుంటుంది, గేదెలు, లైట్లు లేని ట్రాక్టర్లు దగ్గరికొచ్చేదాకా కనబడవు. ఆరున్నరకు కదిలినా సరిపోతుంది. తిరిగి రావడం మాత్రం నాలుగింటికే. ఈ రోజుల్లో ఐదున్నర దాటిన కాసేపటికే సూర్యుడు దిగిపోతాడు, కొండల మధ్య అంతకు చాలా ముందే నీడ పడుతుంది. తలలు లెక్కపెట్టే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి, మెడలో ఒక ఈల వేయండి. అందరూ చూసుకుంటారులే అనుకున్న ఏడే మా వాళ్ల పిల్లాడు ఒకడు గుడి దగ్గర ఉండిపోయాడు. దొరికాడు లెండి, ప్రసాదం లైన్లో రెండోసారి నిలబడి ఉన్నాడు.

ఇంటికొచ్చాక బట్టలు మంచం మీద పడేయకుండా వేడినీళ్లలో నానబెట్టి, సబ్బుతో స్నానం చేయండి. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనబడనంత చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. వెంటనే రాదు, మామూలుగా పది పన్నెండు రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు వస్తుంది. అప్పటికి వనభోజనాల సంగతే మర్చిపోయి ఉంటాం. చంక, గజ్జ, నడుము, చెవి వెనక సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతకండి. అందరికీ ఉండకపోవచ్చు కూడా. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోతుంది. అందుకని ఆ మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరు అడగకపోయినా, "ఫలానా రోజు అడవికి వెళ్లొచ్చాం" అని మీరే చెప్పండి.