ఇంట్లో రెండు ఇంటర్నెట్ లైన్లు, ఒకే ఫైర్‌వాల్: పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

రెండో కనెక్షన్ తీసుకుని, రెండింటినీ ఒకే ఫైర్‌వాల్‌కు (ఇంటి నెట్‌వర్కుకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉండి రాకపోకలను నియంత్రించే పరికరం) కలపాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. మీకు కావలసింది వేగమా, నెట్ ఆగకుండా ఉండడమా? వేగం కోసమైతే ఆశలు తగ్గించుకోండి. 100 ఎంబీపీఎస్ లైన్లు రెండున్నా, మామూలుగా ఒక ఫైలు 200 వేగంతో డౌన్‌లోడ్ కాదు. ఫైర్‌వాల్ కనెక్షన్లను లైన్ల మధ్య పంచుతుందే కానీ, ఒకే కనెక్షన్‌ను రెండుగా చీల్చదు. పైగా బ్యాంకు సైటుకు ఒక క్లిక్కు ఒక ఐపీ చిరునామా నుంచి, తరువాతిది ఇంకో చిరునామా నుంచి వెళితే, అది అనుమానించి మిమ్మల్ని బయటికి పంపేయవచ్చు. ఇంటికి అవసరమైంది ఫెయిలోవర్ అనే నా అభిప్రాయం: అసలు లైను పోతే రెండోది అందుకోవాలి, అంతే. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ గేట్‌వే గ్రూపులో (బయటికి వెళ్లే దారుల జాబితాలో) అసలు లైనును టియర్ 1లో (మొదటి ప్రాధాన్యంలో), రెండోదాన్ని టియర్ 2లో పెడితే ఇదే జరుగుతుంది. రెండింటినీ ఒకే టియర్‌లో పెడితే ట్రాఫిక్ పంచుకుంటాయి.

రెండు లైన్లూ ఒకే స్తంభం మీదుగా, ఒకే గొట్టంలోంచి వస్తుంటే కంపెనీలు వేరైనా ప్రయోజనం తక్కువ. ఒక్క తవ్వకంతో రెండూ పోతాయి. ఒకటి ఫైబర్ అయితే రెండోది 4జీ లేదా 5జీ కావడం మేలు. మోడెములు, ఫైర్‌వాల్, స్విచ్ అన్నీ యూపీఎస్ మీద ఉండాలి. వీటిలో ఒక్కటి ఆగినా మిగతావి వెలిగి లాభం లేదు.

సెట్టింగులు ముట్టుకునే ముందు ఇప్పటి కాన్ఫిగరేషన్ ఫైలును లాప్‌టాప్‌లోకి దించుకోండి. అది ఫైర్‌వాల్‌లోనే ఉంటే, లోపలికి వెళ్లలేని రోజున చేతికి రాదు. తెర, కీబోర్డు లేదా సీరియల్ కేబుల్‌తో నెట్‌వర్కు అక్కర్లేకుండా నేరుగా ఫైర్‌వాల్ కన్సోల్‌లోకి వెళ్లగలరో లేదో ముందే చూసుకోండి. కావలసిన సూచనల పేజీలు భద్రపరచుకోండి, ఎందుకంటే అవి అవసరమయ్యేది నెట్ లేనప్పుడే. మరునాడు ఆఫీసు పనో పరీక్షో ఉంటే ఆ రాత్రి ఈ పని పెట్టుకోవద్దు.

చిరునామాల తగాదాను మొదటే తీర్చండి. ఈ రెండు ఫైర్‌వాళ్లూ ఇంటి వైపు 192.168.1.1తో మొదలవుతాయి, చాలా మోడెములదీ అదే చిరునామా. ఇంటి నెట్‌వర్కు, మొదటి మోడెము, రెండో మోడెము మూడూ వేర్వేరు సబ్‌నెట్‌లలో (చిరునామాల వరుసల్లో) ఉండాలి. వీలైతే మోడెములను బ్రిడ్జ్ మోడ్‌లో (మోడెము తాను రూటర్ పని చేయకుండా లైనును నేరుగా ఫైర్‌వాల్‌కు అందించే పద్ధతిలో) పెట్టండి. ఏదైనా లైనుకు 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే చిరునామా వస్తే, మీరు చాలామందితో కలిసి ఒకే పబ్లిక్ చిరునామా వాడుతున్నారన్నమాట. ఆ లైను మీదుగా పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని పరికరానికి మళ్లించడం) పనిచేయదు.

ఎక్కువమందిని మోసం చేసేది లైను బతికుందో లేదో చూసే పర్యవేక్షణ. మీరేమీ మార్చకపోతే పీఎఫ్‌సెన్స్ సాధారణంగా గేట్‌వే (లైనులో ఫైర్‌వాల్‌కు తరువాతి మజిలీ) చిరునామానే పింగ్ చేస్తుంది, అంటే జవాబు వస్తుందో లేదో పలకరించి చూస్తుంది. మోడెము రూటర్ మోడ్‌లో ఉంటే ఆ గేట్‌వే మీ బల్ల మీదున్న మోడెమే. వీధిలో ఫైబర్ తెగినా అది జవాబిస్తూనే ఉంటుంది, ఫైర్‌వాల్ లైను బాగుందనే అనుకుంటుంది. అందుకే ప్రతి లైనుకూ బయటి చిరునామా ఒకటి ఇవ్వండి: ఒకదానికి 1.1.1.1, ఇంకోదానికి 9.9.9.9 లాగా. రెండింటికీ ఒకటే ఇవ్వకూడదు. ఇలా ఇచ్చిన చిరునామాకు దారి ఆ లైనుకే కట్టుబడి ఉంటుంది కనుక, దాన్నే ఇంట్లోని పరికరాలకు డీఎన్‌ఎస్‌గా (సైటు పేరును ఐపీ చిరునామాగా మార్చే సర్వర్‌గా) ఇస్తే లైనుతోపాటు అదీ పోతుంది. పరికరాలకు ఫైర్‌వాల్‌నే డీఎన్‌ఎస్‌గా చూపించి, ఫైర్‌వాల్‌కు మాత్రం ఒక్కో లైను మీదుగా ఒక్కో సర్వర్ ఉండేలా చూడండి.

పీఎఫ్‌సెన్స్‌లో మామూలుగా 20 శాతం ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోయినా, జాప్యం 500 మిల్లీసెకన్లు దాటినా లైను పడిపోయినట్టు లెక్క. మొబైల్ లైన్లకు ఈ హద్దులు ఇరుకు కావచ్చు. పెద్ద అప్‌లోడ్‌తో లైను నిండినా జాప్యం పెరుగుతుంది. అప్పుడు ట్రాఫిక్ అటూ ఇటూ దూకుతూ, కాల్స్ మాటిమాటికీ తెగుతాయి. కొన్ని రోజులు గ్రాఫులు చూసి హద్దులు మార్చండి.

ఏ ట్రాఫిక్ ఎటు వెళ్లాలో చెప్పే ఫైర్‌వాల్ నియమాల వరుసలో పొరపాటు ఇంకా ప్రమాదం. పై నుంచి కిందికి చూస్తూ మొదట సరిపోయిన నియమమే అమలవుతుంది. ఇంట్లో వేర్వేరు నెట్‌వర్కులుంటే వాటి మధ్య ట్రాఫిక్‌ను అనుమతించే నియమం, గేట్‌వే గ్రూపు నియమానికి పైన ఉండాలి. లేకపోతే ప్రింటరుకు పోవలసింది బయటికి పోతుంది. ఇక ఒక పరికరాన్ని వీపీఎన్ (ట్రాఫిక్‌ను గుప్తంగా వేరే సర్వర్ మీదుగా పంపే దారి) లైనుకే కట్టేసినవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి: పీఎఫ్‌సెన్స్‌లో ఆ గేట్‌వే పడిపోతే, నియమంలోంచి గేట్‌వే మాత్రమే తొలగి, ట్రాఫిక్ మామూలు దారిన వెళ్లిపోతుంది. గేట్‌వే లేనప్పుడు నియమాన్నే వదిలేయమనే ఆప్షన్ పెట్టి, దాని కిందనే ఆ పరికరాన్ని అడ్డుకునే నియమం రాయండి. ఆప్షన్ ఒక్కటే చాలదు, కింద ఇంకో నియమం ఆ పరికరాన్ని బయటికి పోనివ్వవచ్చు.

ఐపీవీ4కు (పాత తరహా ఐపీ చిరునామాలకు) రాసిన నియమాలు ఐపీవీ6కు (కొత్త తరహా వాటికి) వర్తించవు. మొదట ఐపీవీ4 కుదుటపడనివ్వండి, ఐపీవీ6ను విడి పనిగా పెట్టుకోండి. రెండో లైనుకు డేటా పరిమితి ఉంటే టీవీలు, అప్‌డేట్లు దాని మీదికి రాకుండా ఆపండి.

పరీక్షకు ఫైర్‌వాల్ నుంచి కేబుల్ పీకితే సరిపోదు, అది తేలికైన పరీక్ష. మోడెము వెలుగుతుండగానే వెనక వచ్చే ఫైబర్‌ను లేదా కోయాక్స్‌ను (కేబుల్ టీవీ తరహా తీగను) తీయండి. నిజంగా లైను పోయినప్పుడు జరిగేది అదే. ఒక వీడియో కాల్, ఒక డౌన్‌లోడ్, బ్యాంకు లాగిన్ నడుస్తుండగా చూడండి. కాల్ ఒకసారి తెగడం సహజం, ఎందుకంటే చిరునామా మారుతుంది. అసలు లైను తిరిగొచ్చాక కూడా చూడండి: అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు రెండో లైను మీదే ఉండిపోవచ్చు. ఇంటర్నెట్ ఫోను గంటలకొద్దీ మొబైల్ డేటా తింటూ ఉండిపోయేది ఇందువల్లే. దాన్ని రీస్టార్ట్ చేయండి, లేదా ఫైర్‌వాల్‌లో దాని స్టేట్‌లను (నడుస్తున్న కనెక్షన్ల నమోదులను) తుడిచేయండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయండి.